ఇల్లు ఒడిశాలో, బ్యాంకు ఆంధ్రాలో: పోయిన డబ్బుకి ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలి?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. సరిహద్దు దాటి పాతపట్నం వైపు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. పెన్షను ఇప్పటికీ పాతపట్నం బ్యాంకులోనే పడుతుంది. ఖాతా నా పేరు, మా ఆవిడ పేరు కలిపి ఉంది. షేర్ల గురించి ఉచితంగా పాఠాలు చెబుతామని ఎవరో నన్ను వాట్సాప్ గ్రూపులో చేర్చారు. ఒక యాప్ పంపారు. మొదట 20,000 పెడితే వారం తిరక్కుండా 6,000 లాభమని నా ఖాతాలో వేశారు. నమ్మకం కుదిరింది. నెల రోజుల్లో మొత్తం 4,85,000 పంపాను, కొంత యూపీఐలో, పెద్ద మొత్తం బ్యాంకుకెళ్ళి ఆర్టీజీఎస్‌లో. తీసుకుందామంటే ముందు పన్ను కట్టమన్నారు. అప్పుడు తెలిసింది మోసమని. ఆఖరి సొమ్ము పంపి ఎనిమిది రోజులైంది. ఒక స్టేషన్‌కి వెళ్తే బ్యాంకు ఆంధ్రాలో ఉంది కాబట్టి అక్కడికి వెళ్ళమన్నారు. అక్కడికి వెళ్తే మీ ఇల్లు ఒడిశాలో కదా అన్నారు. నిన్న ఒకాయన ఫోన్ చేసి, సైబర్ విభాగం నుంచి మాట్లాడుతున్నాను, పదో వంతు ఖర్చులు ముందు కడితే డబ్బంతా వెనక్కి తెస్తానన్నాడు. కట్టమంటారా? డబ్బు వస్తుందా? ఇంతకాలం పిల్లలకి లెక్కలు చెప్పినవాణ్ణి. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

సమాధానం:

మాస్టారూ, ఇక్కడ చదవడం ఆపి ముందు సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చెయ్యండి. మిగతాది ఆ తర్వాత చదవండి.

చేశారా? మంచిది. లైను దొరక్కపోతే మళ్ళీ మళ్ళీ చెయ్యండి. ఈలోగా కేంద్ర హోం శాఖ వాళ్ళ పోర్టల్, సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నింపడం మొదలుపెట్టండి. ఆర్థిక మోసం అన్న విభాగం ఎంచుకుని, రాష్ట్రం దగ్గర మీరు ఉండే ఒడిశా, జిల్లా దగ్గర గజపతి అని పెట్టండి. ఈ ఫోన్ ఏర్పాటు 2021లో మొదలైనప్పుడు నంబరు 155260, తర్వాత 1930 అయింది. పాత నంబరు ఎక్కడైనా రాసి కనిపిస్తే దాన్ని పట్టించుకోకండి. ఇంకో మాట, ఈ నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతక్కండి. సహాయ కేంద్రాల పేరుతో దొంగ నంబర్లు పెట్టుకుని కూర్చున్నవాళ్ళు అక్కడా ఉన్నారు.

ఎందుకింత తొందరపెడుతున్నానంటే, మీరు పంపిన సొమ్ము ఒక్క ఖాతాలో కూర్చుని ఉండదు. మొదట ఎవరో కమీషన్ కోసం అద్దెకిచ్చిన ఖాతాలో పడుతుంది. అక్కడి నుంచి ముక్కలై నాలుగైదు ఖాతాలకీ, వాటి నుంచి మరి కొన్నింటికీ పోతుంది. చివరికి ఏ ఊరి ఏటీఎంలోనో నగదుగా బయటికొస్తుంది, లేకపోతే క్రిప్టోగా మారిపోతుంది. 1930కి ఫిర్యాదు అందితే మొదటి ఖాతా ఉన్న బ్యాంకుకి తెలుస్తుంది. సొమ్ము ఇంకా ఉంటే దాన్ని అక్కడే నిలిపేస్తారు, లేకపోతే తర్వాతి బ్యాంకుకి సమాచారం పంపుతారు. దొంగ పరిగెత్తిన దారిలోనే ఫిర్యాదు కూడా పరిగెత్తాలన్నమాట. మొదటి గంటల్లో చేసిన ఫిర్యాదుకి ఉన్న బలం ఎనిమిది రోజుల తర్వాత ఉండదు, ఆ నిజం మీ దగ్గర దాచను. అయినా లాభం లేదని మానుకోకండి. ఇలాంటి ముఠాలు ఒకే ఖాతాలోకి చాలామంది సొమ్ము లాగుతాయి. మీకంటే ముందు మరొకరు చేసిన ఫిర్యాదు మీద ఆ ఖాతా ఇప్పటికే ఆగి ఉండవచ్చు. అందులో మీ వాటా ఉందని రికార్డులో ఎక్కాలంటే మీ ఫిర్యాదు ఉండి తీరాలి.

ఫిర్యాదులో వాళ్ళు మొదట అడిగేవి లావాదేవీల వివరాలు. బ్యాంకుకెళ్ళి ఆ నెల స్టేట్‌మెంటు ముద్ర వేయించి తీసుకోండి. మీరు పంపిన ప్రతి చెల్లింపుకీ తేదీ, సమయం, మొత్తం, అవతలి ఖాతా నంబరు లేదా యూపీఐ ఐడీ, యూటీఆర్ నంబరు (ప్రతి బదిలీకీ బ్యాంకు ఇచ్చే గుర్తింపు నంబరు) ఒక కాగితం మీద వరసగా రాసుకోండి. లెక్కల మాస్టారు, ఈ పట్టిక మీకంటే శుభ్రంగా ఎవరూ గీయలేరు. వాట్సాప్ గ్రూపులోంచి కోపంతో బయటికి రాకండి, సంభాషణలు చెరపకండి. గ్రూపు పేరు, అడ్మిన్ల నంబర్లు, యాప్‌లో కనిపించిన "లాభాలు", పన్ను కట్టమన్న సందేశం, అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి వేరే ఫోన్‌లోకి కూడా పంపుకోండి. యాప్‌ని పోలీసులు చూసేదాకా తీసెయ్యకండి, కానీ ఆ ఫోన్‌లో ఇక బ్యాంకు పని ఏదీ చెయ్యకండి. బ్యాంకు పాస్‌వర్డులు, యూపీఐ పిన్ను వేరే ఫోన్ నుంచి మార్చెయ్యండి.

ఇక మిమ్మల్ని కాలికి బలపం కట్టించి తిప్పిన సంగతి. నాకు ఎక్కువ కోపం వచ్చింది దీని మీదే. 1936 ఏప్రిల్ 1న పర్లాకిమిడి ఒడిశాకి వెళ్ళింది, పాతపట్నం మద్రాసు వైపే ఉండిపోయింది. అప్పటి నుంచీ మనవాళ్ళకి ఇల్లొక రాష్ట్రం, పొలమొక రాష్ట్రం, పెన్షనొక రాష్ట్రం. గీత దాటకుండా ఒక్క రోజు గడవని మనుషులు మనం. ఆ గీత చూపించి ఫిర్యాదు తీసుకోం అంటే మనకి దిక్కేది? చట్టం మాత్రం మీ పక్షానే ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగిందన్న దానితో పని లేకుండా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. తమ పరిధి కాదనుకుంటే దాన్ని జీరో ఎఫ్ఐఆర్‌గా నమోదు చేసి సరైన స్టేషన్‌కి పంపవలసింది వాళ్ళు. ఆ కాగితం పట్టుకుని మీరు తిరగక్కర్లేదు.

మీ విషయంలో అసలు జీరో ఎఫ్ఐఆర్ దాకా కూడా వెళ్ళనక్కర్లేదు. అదే చట్టంలో 202వ సెక్షన్ ఉంది. ఫోన్, ఇంటర్నెట్ సందేశాల ద్వారా మోసం జరిగితే, ఆ సందేశం ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడి కోర్టుకీ, ఎక్కడ అందిందో అక్కడి కోర్టుకీ విచారించే అధికారం ఉంది. మోసపోయిన మనిషి సొమ్ము అప్పజెప్పిన చోటి కోర్టుకీ ఉంది. సందేశాలు మీకు పర్లాకిమిడిలో ఇంట్లో కూర్చుంటే అందాయి. ఆర్టీజీఎస్ కాగితం మీరు నింపింది పాతపట్నం కౌంటర్ దగ్గర. అంటే మిమ్మల్ని వెనక్కి పంపిన ఇద్దరికీ అధికారం ఉంది మాస్టారూ, ఇద్దరూ తీసుకుని ఉండాల్సింది.

రెండింట్లో ఎక్కడ ఇవ్వాలంటే పర్లాకిమిడిలోనే ఇవ్వమంటాను. రేపు దర్యాప్తు అధికారి పిలిచినా, కోర్టు వాయిదా పడినా మీ వయసులో నడిచి వెళ్ళగలిగిన చోటు నయం. రెండు చోట్లా రెండు ఫిర్యాదులు పెట్టకండి, అది మీ కేసునే గందరగోళం చేస్తుంది. కాగితం మీద పైన చెప్పిన రెండు సెక్షన్ల నంబర్లు, 1930 నుంచి వచ్చిన ఫిర్యాదు నంబరు, మోసానికి సంబంధించిన భారతీయ న్యాయ సంహిత 318(4), 319, ఐటీ చట్టం 66డి అని రాయండి. ఏ సెక్షన్లు పెట్టాలన్నది వాళ్ళ పని, కానీ తెలిసి వచ్చారని అర్థమైతే మాట్లాడే తీరు మారుతుంది. ఐటీ చట్టం కింద దర్యాప్తు ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని అధికారి చెయ్యాలి, కాబట్టి నేరుగా ఇన్‌స్పెక్టర్ని కలుస్తానని అడగండి. అయినా తీసుకోకపోతే అక్కడ వాదన పెట్టుకోవద్దు. అదే ఫిర్యాదుని గజపతి జిల్లా ఎస్పీ గారికి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఆ హక్కు 173(4)లో ఉంది. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేట్ కోర్టుకి అర్జీ పెట్టుకోవచ్చు.

పోర్టల్లో ఫిర్యాదు పెట్టేశాం కదా అని ఎఫ్ఐఆర్ వదిలెయ్యకండి. ఆ రెండూ ఒకటి కావు. పోర్టల్ ఫిర్యాదు సొమ్ముని ఆపడానికి, ఎఫ్ఐఆర్ కేసు నడవడానికి. 4,85,000 చిన్న మొత్తం కాదు.

ఒడియా మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదనేవాళ్ళు మన సరిహద్దు ఊళ్ళలో చాలామంది ఉన్నారు, అవతలి వైపు ఉద్యోగం చేసినవాళ్ళలో మరీను. నోటితో చెప్పిన ఫిర్యాదుని అధికారి రాసుకుని మీకు చదివి వినిపించాలి, ఆ తర్వాతే సంతకం. ఇది చట్టంలోనే ఉంది. తేదీలు, మొత్తాలు, ఖాతా నంబర్లు ఒక్కొక్కటే మీ పట్టికతో సరిచూసుకోండి. "ఇష్టపూర్వకంగా పెట్టుబడి పెట్టి నష్టపోయాడు" అన్న అర్థంలో వాక్యం ఎక్కడైనా ఉంటే ఆగి సరిచేయించండి. మీరు షేర్లలో నష్టపోలేదు, అక్కడ షేరు అన్నదే లేదు. ఆ యాప్‌లో కనిపించిన అంకెలు వాళ్ళు టైపు చేసి పెట్టినవి. ఎఫ్ఐఆర్ నకలు ఒకటి మీకు ఉచితంగా ఇవ్వాలి, అది తీసుకోకుండా బయటికి రావద్దు.

మీరు ఒక్క వాక్యంలో రాసి ముందుకెళ్ళిపోయిన 6,000 సంగతి కూడా ఉంది. ఆ డబ్బు వాళ్ళ జేబులోంచి వచ్చింది కాదు. చాలాసార్లు అది మీలాంటి మరో మనిషి పోగొట్టుకున్న సొమ్ములోంచే వస్తుంది. ఆ మనిషి ఫిర్యాదు చేస్తే దారి వెతుక్కుంటూ వచ్చి మీ ఖాతా మీద హోల్డ్ పడే అవకాశం ఉంది. పెన్షను పడే ఖాతా ఆగిపోతే నెల గడవదు. అందుకని ఆ 6,000 ఎప్పుడు వచ్చింది, ఏ ఖాతా నుంచి వచ్చింది ఫిర్యాదులో మీరే ముందుగా రాయండి. బ్యాంకుకీ ఉత్తరంలో తెలియజెయ్యండి. దాచారన్న అనుమానం ఎవరికీ రాకూడదు.

బ్యాంకు దగ్గర ఏం ఆశించవచ్చో కూడా చెబుతాను. బ్యాంకు కౌంటర్ వెనక చాలాకాలం పనిచేసినదాన్ని కనుక దీనిలో మెరుగులు దిద్దను. 2017 జులై 6న రిజర్వ్ బ్యాంకు ఒక ఆదేశం ఇచ్చింది. మన ప్రమేయం లేకుండా, మన తప్పు లేకుండా ఖాతాలోంచి డబ్బు పోతే, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల లోపు తెలియజేస్తే ఖాతాదారుకి నష్టం ఉండకూడదని దాని సారం. చాలామంది దీన్ని చూపించి, బ్యాంకు మీకు ఇచ్చి తీరాలి అని సలహా ఇస్తారు. మీకది వర్తించదు మాస్టారూ. మోసపోయి అయినా సరే, సొమ్ము మీరే పంపారు. పిన్ను కొట్టింది మీరు, ఆర్టీజీఎస్ కాగితం మీద సంతకం మీది. ఏమీ చెయ్యకుండానే డబ్బు పోయిన పాఠకులెవరైనా ఇది చదువుతుంటే, వాళ్ళకి మాత్రం ఆ మూడు రోజులు ప్రాణంతో సమానం. వెంటనే బ్యాంకుకి రాతపూర్వకంగా తెలియజేసి రసీదు తీసుకోవాలి.

అలాగని బ్యాంకుకి మీరు చెప్పనక్కర్లేదని కాదు. మీ శాఖ మేనేజరుకి ఉత్తరం ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోండి. అవతలి బ్యాంకుకి తెలియజెయ్యమని అందులో అడగండి. ఫిర్యాదు అందాక బ్యాంకు నిద్రపోతే, 30 రోజుల్లో జవాబు రాకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్ళవచ్చు. దానికి ఫీజు లేదు. సందేహాలుంటే 14448కి ఫోన్ చెయ్యవచ్చు. ఇది బ్యాంకు సేవలో లోపం మీద ఫిర్యాదు, దొంగ మీద కాదు. అది గుర్తుంచుకుని రాయండి, లేకపోతే తోసిపుచ్చుతారు. షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీకి రాయమని కూడా ఎవరో చెబుతారు. సెబీ వాళ్ళ స్కోర్స్ పోర్టల్ అక్కడ నమోదైన సంస్థల మీద ఫిర్యాదులకి. మీకు యాప్ పంపినవాళ్ళు ఏ రిజిస్టర్లోనూ ఉండరు, దాని మీద మీ శక్తి ఖర్చు పెట్టకండి.

డబ్బు వస్తుందా అని అడిగారు. మొత్తం వస్తుందని చెప్పలేను, అసలు రాదనీ చెప్పను. ఏ ఖాతాలో ఎంత ఆగిందో దర్యాప్తు అధికారి ద్వారా తెలుస్తుంది, అది రాతలో అడగండి. అలా ఆగిన సొమ్ము దానంతటది మీ ఖాతాలో వచ్చి పడిపోతుందని మాత్రం ఎదురుచూడొద్దు. మీ కేసులో మేజిస్ట్రేట్ కోర్టులో అర్జీ పెట్టాల్సి రావచ్చు. పోలీసులు స్వాధీనం చేసుకున్న ఆస్తిని హక్కుదారుకి అప్పగించే అధికారం కోర్టుకి నాగరిక సురక్షా సంహిత 497, 503 సెక్షన్లలో ఉంది. ఆ ఆర్డరు చూసి బ్యాంకు సొమ్ము వదులుతుంది. అదే ఖాతా మీద పదిమంది బాధితులుంటే పంపకం తేలడానికి సమయం పడుతుంది. కొన్ని రాష్ట్రాల్లో లోక్ అదాలత్‌ల ద్వారా కూడా ఇలా ఇప్పిస్తున్నారు. పర్లాకిమిడిలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, అక్కడ అడగండి.

ఇప్పుడు నిన్న ఫోన్ చేసినాయన. ఒక్క రూపాయి కూడా కట్టకండి. ఇది గోరుచుట్టు మీద రోకటిపోటు. పోలీసులు, 1930, బ్యాంకు, కోర్టు, వీళ్ళలో ఎవరూ పోయిన డబ్బు తెచ్చిపెట్టడానికి ఖర్చులనో, జీఎస్టీ అనో, డిపాజిట్ అనో సొమ్ము ఫోన్లో అడగరు. వెనక్కి వచ్చే సొమ్ము మీ ఖాతాలోకే వస్తుంది, దానికి ఓటీపీ అక్కర్లేదు, స్క్రీన్ పంచుకోవడం అక్కర్లేదు, కొత్త యాప్ అక్కర్లేదు. మీరు మోసపోయిన సంగతి అతనికెలా తెలిసిందని ఆలోచించారా? మొదటి ముఠా మనిషే అయి ఉండవచ్చు, లేదా బాధితుల జాబితా కొనుక్కున్నవాడై ఉండవచ్చు. దెబ్బతిన్న మనిషి ఆశగా ఉంటాడని వాళ్ళకి బాగా తెలుసు. రేపు మూడు సింహాల ముద్రతో ఉత్తరం పంపుతాడు, యూనిఫారంలో వీడియో కాల్ చేస్తాడు. ఆ నంబరు, అతని మాటలు రాసిపెట్టి మీ ఫిర్యాదుకి జత చెయ్యండి. కేంద్ర టెలికాం శాఖ వాళ్ళ సంచార్ సాథీ పోర్టల్లో చక్షు అనే విభాగం ఉంది, డబ్బు పోకముందే అనుమానం వచ్చిన కాల్స్ గురించి చెప్పడానికి. అతని నంబరు అందులో కూడా పెట్టండి. డబ్బు రాబట్టి ఇస్తాం, ముందు ఫీజు కట్టండి అని ఇంటర్నెట్‌లో ప్రకటనలిచ్చే ఏజెన్సీల జోలికీ వెళ్ళకండి.

చివరగా మీ ఆవిడ సంగతి. దీని గురించి మీరు నన్ను అడగలేదు, రాసి వదిలేశారు. కానీ మీ ఉత్తరం మొత్తంలో నాకు ఎక్కువ భయం వేసింది ఆ మాట దగ్గరే. ఇంట్లో ఎవరికీ తెలియకుండా పోయిన డబ్బుని ఇంట్లో ఎవరికీ తెలియకుండానే రాబట్టాలనుకునే మనిషే ఆ రెండోవాడికి కావాలి. లెక్కలు చెప్పినవాణ్ణి నేనెలా మోసపోయానని కుమిలిపోకండి. వాళ్ళు మీ లెక్కల జ్ఞానంతో పోటీ పడలేదు. గ్రూపులో వందమంది లాభాలొచ్చాయని రాస్తుంటే, ఖాతాలో నిజంగా 6,000 పడితే, చదువుకున్నవాళ్ళూ నమ్ముతారు. డాక్టర్లు నమ్మారు, బ్యాంకుల్లో పనిచేసినవాళ్ళు నమ్మారు. నేరం చేసింది వాళ్ళు.

పైగా ఆ ఖాతా ఆవిడది కూడా. నష్టం ఆవిడకీ జరిగింది, తెలుసుకునే హక్కు ఆవిడకుంది. మీకు ఉపయోగపడే విషయం ఇంకొకటి ఉంది. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు. పెన్షను వల్ల మీకు ఆ సాయం దొరకకపోవచ్చు, ఖాతాలో రెండో పేరుగా ఆవిడ దరఖాస్తు పెట్టుకోవచ్చు. న్యాయ సేవల సహాయ నంబరు 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు.

ఈ రాత్రి భోజనాలయ్యాక ఆవిడకి చెప్పండి. ఎంత పోయిందో అంతా చెప్పండి, తగ్గించి చెబితే రేపు ఎఫ్ఐఆర్‌లో తెలుస్తుంది, అది ఇంకా కష్టం. ఎక్కడైనా అప్పు తెచ్చి కట్టి ఉంటే అదీ చెప్పండి. రేపు పొద్దున్న ఇద్దరూ కలిసి స్టేషన్‌కి వెళ్ళండి. పాస్‌బుక్కు, ఇద్దరి ఆధార్ నకళ్ళు, ముద్ర వేసిన స్టేట్‌మెంటు, మీరు గీసిన పట్టిక, 1930 ఫిర్యాదు నంబరు, మూడు ప్రతుల ఫిర్యాదు పట్టుకెళ్ళండి. ఒక ప్రతి మీద స్టేషన్ ముద్ర, తేదీ వేయించుకోండి. మొదట తిప్పి పంపిన మనిషే మళ్ళీ కౌంటర్ దగ్గర ఉంటే, పాత గొడవ తీయకుండా 202వ సెక్షన్ దగ్గర నుంచే మాట మొదలుపెట్టండి.